తీశాను మాస్టారూ

ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని ఆ యాంప్లిఫైయర్‌ను రిపేరు షాపు గడప దాటించగానే, మాస్టారి ఎడమచెయ్యి దానంతటదే పోయి ప్యాంటు జేబులో దూరింది.

అది వృత్తి నేర్పిన అలవాటే. కరెంటున్న సెట్టులో ఒక చెయ్యి పెట్టినప్పుడు రెండోది జేబులో ఉండాలి. ఒక చేత్తో ఎక్కిన కరెంటు రెండో చేతిలోంచి దిగితే దారిలో గుండె ఉంటుంది. నలభై ఏళ్లుగా తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఆయన చెప్పిన మొదటి పాఠం అదే. కాకపోతే ఈ మూడు నెలలుగా, టీవీ రిమోట్‌లో బ్యాటరీ మార్చేటప్పుడు కూడా ఆ చెయ్యి బయటికి రావడం లేదు. "జేబులో ఏం దాచారు మాస్టారూ, నిధా?" అని షాపు ఓనరు ఒకటి రెండుసార్లు నవ్వాడు. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వడానికి కరెంటు అక్కర్లేదు కదా.

"గుర్తుపట్టారా దీన్ని?" అన్నాడు ఓనరు, పెట్టెను బల్ల మీదికి జరిపిస్తూ.

గుర్తుపట్టకేం. ఇద్దరు మోస్తే గానీ కదలని ఇనుప పెట్టె. ముందువైపు రెండు గుండ్రటి మీటర్లు, పైన వరసగా, పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగే నాలుగు గాజు వాల్వులు. మూడు నెలల కిందట ఇదే బల్ల దగ్గర ఇదే పెట్టె ఆయన్ని కుర్చీతో సహా వెనక్కి విసిరికొట్టింది. నేల మీద వెల్లకిలా పడి, ఊపిరి అందక కొట్టుకుంటున్నప్పుడు ఆయన కళ్లకు కనిపించింది ఒక్కటే: గోడకు మేకు, మేకుకు వేలాడుతున్న వెదురు పుల్ల. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ పుల్లే. ఎందుకు అదే కనిపిస్తుందో ఆయన ఆలోచించలేదు. ఆలోచించబోతే ఒళ్లంతా చెమటలు పట్టేవి.

పెట్టె వెనకాలే నాటకాల హాలు మేనేజరు వచ్చాడు. "సౌండు బ్రహ్మాండంగా ఉందండీ. మీ తర్వాత ఎవరో బయటి మెకానిక్కు బాగుచేశాడు. ఈ మీటర్లలో దీపాలే లేవు. ఎప్పుడు పోయాయో మాలో ఎవరికీ తెలీదు. శనివారం హాలు మళ్లీ తెరుస్తున్నాం. అందరి ముందూ ఇది గుడ్డిదానిలా కూర్చుంటే ఏం బావుంటుంది? తేనె రంగు వెలుగు వచ్చేదని మా నాన్న చెప్పేవాడు. తెల్లవి మాత్రం పెట్టకండి, ఆస్పత్రిలా ఉంటుంది."

"రెండు బల్బులే కదండీ. మా మాస్టారికి అరగంట పని," అన్నాడు ఓనరు.

మాస్టారు తలూపాడు. నాలుక అంగిలికి అంటుకుపోయింది గానీ తల మాత్రం చక్కగా ఊగింది. ఈమధ్య ఆయన ఒంట్లో అన్నిటికంటే బాగా పనిచేస్తున్నది అదొక్కటే.

మేనేజరు వెళ్లిపోయాక ఓనరు బల్లకు అవతలివైపున్న ఖాళీ స్టూలు మీద కూర్చోబోయి, ఎందుకో మానేశాడు. పాత చీర మడతలు పెట్టి కుట్టిన దిండు ఇంకా ఆ స్టూలు మీదే ఉంది. ఆరేళ్లు అక్కడ కూర్చున్న ఆమెను షాపులో టంకాలమ్మ అనేవారు. ఆమె టంకం వేస్తే తీగ మీద ముత్యం కూర్చున్నట్టుండేది. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు.

"టంకాలమ్మ ఉంటే ఈ చిల్లర పని ఆ అమ్మాయికి అప్పజెప్పేవాళ్లం," అన్నాడు ఓనరు. "ఏం చేస్తాం? 'తీశాను మాస్టారూ' అంది. ఏం తీసిందో ఆ దేవుడికే తెలియాలి."

ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది. ఆ రోజు పెట్టెలో చెయ్యి పెట్టేముందు మాస్టారు "తియ్యమ్మా" అన్నాడు. గోడ దగ్గరున్న ఆమె "తీశాను మాస్టారూ" అంది. మన వాళ్లం ప్లగ్గూ తీస్తాం, స్విచ్చీ తీస్తాం, లైటూ తీస్తాం. మాస్టారు ఎగిరి పడగానే ఓనరు పరుగెత్తుకొచ్చి మెయిను ఆపేసి, బోర్డుకున్న ప్లగ్గులన్నీ పీకి పారేశాడు. ఆ తర్వాత ఏది ముందే బయటుందో, ఏది తాను పీకాడో చెప్పగలిగినవాళ్లు లేరు. ప్లగ్గు తీయకుండా పక్క స్విచ్చి తీసి "తీశాను" అని ఉంటుందని ఓనరే తేల్చాడు. వారం తర్వాత మాస్టారు చేతికి కట్టుతో షాపుకొచ్చినప్పుడు, "అంతే కదా మాస్టారూ?" అని అడిగాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఆయన మొహం వైపే చూస్తోంది.

అప్పుడూ మాస్టారు తలూపాడు. ఆ సాయంత్రమే ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది, దిండు మర్చిపోయి.

*

ఇంట్లో మాస్టారి భార్య ఇస్త్రీపెట్టె బయటికి తీస్తే ఆయన లేచి వరండాలోకి పోతాడు. అదేమంటే గాలి కోసం అంటాడు.

"గాలి ఇస్త్రీపెట్టెను చూసినప్పుడే గుర్తొస్తుందేం మీకు?" అందావిడ ఆ సాయంత్రం. "ఊరందరి కరెంటూ బాగుచేసే మనిషి, ఇంట్లో ఫ్యాను స్విచ్చి పెన్సిలుతో నొక్కుతున్నాడని నేను ఎవరితో చెప్పుకోను?"

"చెప్పుకోకు."

"చెప్పుకోవట్లేదులెండి. పరువు మీది మాత్రమేనా, నాదీను." చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టెను నిదానంగా నడిపింది. తర్వాత, "ఇవాళ టంకాలమ్మ కనిపించింది. పోస్టాఫీసు పక్కన జిరాక్సు షాపులో పని చేస్తోందట," అంది.

మాస్టారు వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి వెళ్లి మానిపోయిన గాయం చోటును తడుముకుంది.

"తిడుతుందేమో అనుకున్నా. నమస్తే పెట్టింది. 'మాస్టారి చెయ్యి ఎలా ఉంది పిన్నిగారూ, వేళ్లలో తిమ్మిరి తగ్గిందా' అని అడిగింది. అంత పొరపాటు చేసిందంటే నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు."

"పొరపాటు ఎవరైనా చేస్తారు," అన్నాడు మాస్టారు.

"అదే నేనూ అంటున్నా. ఎవరైనా చేస్తారు," అంది ఆవిడ. ఆవిడ మామూలుగానే అంది. ఆయనకే ఆ మాట మామూలుగా వినబడలేదు.

*

మంగళవారం పొద్దున మాస్టారు షాపుకు అందరికంటే ముందు వచ్చి, గంటసేపు ఆ పెట్టె చుట్టూ తిరిగాడు. బల్ల తుడిచాడు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. స్క్రూడ్రైవర్లన్నీ పొడుగు వరసలో పేర్చాడు. ఇక పేర్చడానికేమీ మిగల్లేదు.

పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టాలంటే ముందు పైనున్న వాల్వులు ఊడదీయాలి. అవి గాజువి. ఇది ఆయన పద్ధతి, ఎవరు తొందరపెట్టినా మార్చని పద్ధతి. మెత్తటి గుడ్డతో ఒక్కొక్క వాల్వునూ మెడ దగ్గర పట్టుకుని, అటూ ఇటూ ఊపుతూ పైకి లాగి, పాత పేపరు మీద ఏది ఏ స్థానంలోదో రాసి, నాలుగూ వరసగా పెట్టాడు. ఒంటి చేత్తో చెయ్యడం వల్ల రెట్టింపు సేపు పట్టింది. తర్వాత ఓనరును పిలిచి, ఇద్దరూ కలిసి మడిచిన దుప్పటి మీద పెట్టెను పడుకోబెట్టారు. ముందు రేకుకున్న నాలుగు స్క్రూలు విప్పితే రెండు మీటర్ల వీపులు కనిపించాయి. ఒక్కో మీటరు వెనక ఇత్తడి పట్టీలో చిటికెనవేలి గోరంత బల్బు. రెండూ లోపల నల్లబడి, మాడిన మినపగింజల్లా ఉన్నాయి.

ఎడమ మీటరు, పాట ఎంత గట్టిగా వస్తోందో చూపించేది. కుడిది లోపలి వోల్టేజీ చూపించేది. దాని మీద ఐదువందల వరకు అంకెలున్నాయి.

"బల్బులే పోయాయా, తీగలో కూడా ఏమైనా ఉందా చూడాలి," అన్నాడు మాస్టారు. "ఒకసారి కరెంటు ఇవ్వాలి."

"ఇవ్వండి మరి."

"నువ్వివ్వు బాబూ."

ఓనరు ఆయన్ని ఒక్క క్షణం చూశాడు. తనకు లాగూ వయసు నుంచి తెలిసిన మాస్టారు. గోడ దగ్గరికి వెళ్లాడు. మాస్టారు కొలిచే మీటరు తీగల్ని ఇత్తడి పట్టీకి క్లిప్పులతో తగిలించి, బల్లకు మూడడుగుల దూరం జరిగి, రెండో చెయ్యి కూడా జేబులో పెట్టుకున్నాడు. "పెట్టు."

పెట్టె లోపల్నుంచి సన్నగా తుమ్మెద రొద మొదలైంది. ఆ రొద మాస్టారికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. సెట్టు బతికే ఉందని చెప్పే రొద అది. ఇప్పుడు అదే వినబడితే పారిపోవాలనిపిస్తోంది. దూరం నుంచే వంగి చూశాడు. ఆరు వోల్టులు వస్తున్నాయి. తీగ బాగానే ఉంది, బల్బులే పోయాయి.

"తియ్యి బాబూ."

"తీశా."

"చూపించు."

ఓనరు ప్లగ్గు పైకెత్తి చూపించి నవ్వాడు. "మీరు మరీను. పాము కరిచినవాడు తాడును చూసినా జడుస్తాడంట."

మాస్టారు ఆ ప్లగ్గును ఓనరు చేతిలోంచి తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తీగ మెడలో గొలుసులా వేలాడుతోంది. ఎవరైనా చూస్తే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, జేబులో ఉన్న ప్లగ్గు గోడకు పోదు కదా.

కౌంటరు దగ్గరికి ఎవరో మిక్సీ తెచ్చారు. ఓనరు అటు వెళ్లాడు. మాస్టారు రేకుడబ్బాలోంచి అదే కొలత బల్బులు రెండు ఏరి, కొత్తవి పట్టీల్లో బిగించాడు. ఇప్పుడు రంగు చూడాలి. చూడాలంటే మళ్లీ కరెంటు ఇవ్వాలి, మళ్లీ ఆ రొద వినాలి. ఆయన వల్ల కాలేదు. అప్పుడు తట్టింది ఉపాయం. ఆరు వోల్టులే కదా, నాలుగు టార్చి బ్యాటరీలు చాలు. బల్బుల తీగల్ని పెట్టెలోంచి విడదీసి, సొరుగులోంచి బ్యాటరీల డబ్బా తీసి తగిలించాడు. భయం మనిషికి తెలివి కూడా నేర్పుతుంది, అది మంచికో చెడుకో తర్వాత తేలుతుంది.

ముందు ఎడమ మీటరు వెలిగింది. తెల్లగా ఉంది, మేనేజరు భయపడినట్టే ఆస్పత్రిలా. మిఠాయిలకు చుట్టే పసుపు సెల్లోఫేన్ సొరుగులో ఎక్కడో ఉండాలి. వెతికి, కత్తెరతో గోరంత ముక్క కత్తిరించి, బల్బు మీద కప్పాడు. మళ్లీ వెలిగించాడు. అద్దం వెనక తేనె వెలుగు మెల్లగా పరుచుకుంది. అంకెలు, వాటి కింద సన్నటి గీతలు, సున్నా మీద నిద్రపోతున్న ముల్లు, అన్నీ పైకి తేలాయి. అద్దాన్ని అలా చూస్తూ ఒక అర నిమిషం మాస్టారు భయాన్ని మర్చిపోయాడు. మూడు నెలల్లో అదే మొదటిసారి.

అదే చేత్తో కుడి మీటరుకూ పసుపు ముక్క కప్పి, బ్యాటరీ తగిలించాడు.

ముల్లు మూడువందల ఇరవై మీద ఉంది.

ఇరుక్కుపోయి ఉంటుందనుకున్నాడు. పాత మీటర్లలో ముళ్లు ఇరుక్కోవడం మామూలే. పెన్సిలు వెనకవైపుతో అద్దాన్ని చిన్నగా తట్టాడు. ముల్లు ఒణికి, తిరిగొచ్చి, మూడువందల పదిహేను దగ్గర నిలబడింది. ఇరుక్కున్న ముల్లు ఒణకదు. మాస్టారు చొక్కా జేబు తడిమాడు. ప్లగ్గు అక్కడే ఉంది, రెండు ఇత్తడి కాళ్లూ గుండెకు గుచ్చుకుంటున్నాయి. ప్లగ్గు జేబులో. ముల్లు మూడువందల పది మీద.

ఇందులో వింతేమీ లేదు. సెట్టులో పెద్ద కెపాసిటర్లుంటాయి. అవి కరెంటును తాగి దాచుకుంటాయి. ప్లగ్గు తీసేసినా దాచుకున్నది దాచుకున్నట్టే ఉంటుంది. వాల్వులు పెట్టి ఉంటే ఆ మిగులును నాలుగు క్షణాల్లో అవే మింగేస్తాయి. వాల్వులు ఊడదీస్తే మింగేవాళ్లు లేక చాలాసేపు అలాగే కాచుకుని కూర్చుంటుంది. అందుకే ఆ వెదురు పుల్ల. దాని కొసకు తీగ, తీగకు పింగాణీ రెసిస్టరు. లోపల చెయ్యి పెట్టేముందు పుల్ల కొసను కెపాసిటరుకు తగిలిస్తే మిగులంతా దిగిపోతుంది. ఆ పుల్ల తయారుచేసింది మాస్టారే. "ప్లగ్గు తీశాక పుల్ల, పుల్ల పెట్టాక చెయ్యి" అని టంకాలమ్మతో వల్లె వేయించింది కూడా మాస్టారే.

ఆ రోజూ వాల్వులు ఊడదీసే ఉన్నాయి. పేపరు మీద వరసగా.

నేల మీద పడి చూసినప్పుడు పుల్ల మేకుకే వేలాడుతోంది.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు. చీరదిండు ఉన్న స్టూలు అది, చూసుకోలేదు. ఆ రోజు ఈ మీటరులో దీపమే లేదు. నల్లటి అద్దం వెనక ముల్లు ఎక్కడుందో చూసినవాడు లేడు. దీపం ఉండి ఉంటే ఆ వెలుగు కరెంటుతో పాటే ఆరిపోయేది, అప్పుడూ కనపడేది కాదు. ఇవాళ ఆయన పిరికితనంతో బ్యాటరీ పెట్టబట్టి ముల్లు దొరికిపోయింది. ముల్లు కాదు, తాను. ఆమె అన్నట్టే ప్లగ్గు తీసింది, తీశాక లోపల మిగిలిన కరెంటే కొట్టింది. పుల్లే మేకు మీంచి దిగలేదు.

"ఏం మాస్టారూ, వెలిగాయా?" కౌంటరు దగ్గర్నుంచి ఓనరు అడుగులు ఇటు పడ్డాయి.

మాస్టారి చెయ్యి బుర్రను అడక్కుండానే బ్యాటరీ తీగ లాగేసింది. రెండు మీటర్లూ ఆరిపోయాయి.

"రంగు చూస్తున్నా," అన్నాడు. "ఇంకా కుదర్లేదు."

"తెల్లగా మాత్రం వద్దన్నాడు, గుర్తుంది కదా?"

"గుర్తుంది."

ఓనరు మిక్సీ వైపు వెళ్లిపోయాడు. మాస్టారు చీకటి అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల ముల్లు కిందికి దిగుతూ ఉంటుంది. ఎవరినీ పిలవకుండా ఇలా కూర్చుంటే చాలు, దానంతటదే సున్నాకు వస్తుంది. కరెంటు భయం వేరు, దానికి చెయ్యి జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. ఈ భయానికి ఏం జేబు ఉంది? నలభై ఏళ్ల పేరు, వాల్వుల సెట్టంటే ఈయన దగ్గరికే పోవాలని నలుగురూ చెప్పుకునే పేరు, ఒక వెదురు పుల్ల దగ్గర పోతుంది. ఇరవై నిమిషాల తర్వాత బ్యాటరీ మళ్లీ తగిలించాడు. ముల్లు సున్నా మీద, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. తేలు కుట్టిన దొంగలా మాస్టారు కిక్కురుమనకుండా సామాను సర్దుకున్నాడు.

*

బుధవారం ఆయన షాపుకు పోలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపి, అదే ఒంటితో పోస్టాఫీసు దాకా నడిచాడు.

జిరాక్సు షాపు ఒక్క గది. టంకాలమ్మ ఒక ముసలాయనకు కాగితాలు తీసిచ్చి, యంత్రం ఆపి, గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు తీసింది. తీసిన ప్లగ్గును కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. బల్ల మీద పెట్టింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, వేళ్లతో దాన్ని ముట్టుకుని చూసింది. పెన్ను తీసుకోబోతూ మరోసారి తిరిగి చూసింది.

ఆ ముసలాయన నవ్వాడు. "అది లేచి పరిగెత్తుతుందా అమ్మా?"

"అలవాటండీ," అంది. అప్పుడు మాస్టారిని చూసింది. మొహంలో రంగు మారింది. "మాస్టారూ. చెయ్యి ఎలా ఉంది? కూర్చోండి, ఎండలో వచ్చారు."

ఆయన కూర్చోలేదు. "ప్రతిసారీ ఇలాగే చూస్తావా?"

"ప్లగ్గా?" ఆమె తల దించుకుంది. "ఇంట్లో కూడా అంతే. బయల్దేరి వీధి చివరిదాకా వచ్చి మళ్లీ వెనక్కి పోతాను. మా ఆయన విసుక్కుంటాడు. నాకు నా చేతుల మీద నమ్మకం పోయింది మాస్టారూ. మనిషి ప్రాణం పోయేది."

"నీకు ఆ రోజు ఏం గుర్తుంది?"

"తీసినట్టే గుర్తు. ప్లగ్గు చేతిలో ఉన్నట్టే, వెచ్చగా. మొదట్లో గట్టిగానే అనుకున్నాను తీశానని. తర్వాత అందరూ తీయలేదన్నారు. అందరిదాకా ఎందుకు, మీరు తలూపారు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే మాస్టారికి భరించరాకుండా ఉంది. "మీరు తలూపాక, తీశానని నేనెలా అనుకోను? టంకం పట్టుకోవడం దగ్గర్నుంచీ మీరు చెప్పిందే కదా నాకు తెలిసింది. నాకే అలా గుర్తుండిపోయిందేమో అనుకున్నాను."

"నీ తప్పేం లేదు," అన్నాడు మాస్టారు. వస్తూ దారంతా కూడబలుక్కున్న మాటల్లో బయటికొచ్చింది అదొక్కటే.

"మీది పెద్ద మనసు, అలాగే అంటారు," అందామె. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తనను క్షమిస్తున్నాడనుకుంది.

మాస్టారికి భూమిలోకి కూరుకుపోయినట్టయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మాత్రం ఈ పిచ్చిపిల్ల నమ్ముతుందా? ఆయన తన కోసం నింద నెత్తిన వేసుకుంటున్నాడనుకుంటుంది. "రేపు పదింటికి షాపుకు రా అమ్మా," అన్నాడు. "నీకొకటి చూపించాలి."

ఆమె మొహం తెల్లబోయింది. "మళ్లీ ఏమైనా అయిందా మాస్టారూ? నేను షాపులో అడుగే పెట్టలేదు."

"ఏం కాలేదు. వచ్చి చూడు. చెప్తే నువ్వు నమ్మవు."

*

గురువారం పొద్దున ఓనరుకు మొత్తం చెప్పడానికి మాస్టారికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూడు నెలలు మోసింది అంత చిన్న మాటలా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

ఓనరు గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "మాస్టారూ, ఇది మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. మీ పేరు చూసి జనం ఇక్కడికి సెట్లు తెస్తున్నారు. పుల్ల పెట్టడం మీరు మర్చిపోయారని బయటికి పొక్కితే, వాల్వుల సెట్టు కాదు కదా, టార్చిలైటు కూడా ఎవడూ ఇవ్వడు. ఆ అమ్మాయికి వేరే పని దొరికింది. మానిన పుండును గెలకడమెందుకు?"

"మానలేదు బాబూ. నిన్న చూసొచ్చాను."

"మీరు భయపడి ఉన్నారు. భయంలో మనిషికి ఏవేవో తోస్తాయి."

అది నిజమే. మాస్టారు ఆ క్షణంలో కూడా భయపడుతూనే ఉన్నాడు. ఓనరు మాట వినడం ఎంత తేలికో ఆయనకు తెలుసు, మెడ ఒక్కసారి ఊపితే సరిపోతుంది. మెడ అలవాటుగా కదలబోయింది కూడా. అప్పుడే గుమ్మం అవతల చెప్పుల చప్పుడు ఆగింది. టంకాలమ్మ వచ్చింది గానీ గడప దాటలేదు. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"లోపలికి రామ్మా," అన్నాడు మాస్టారు.

పెట్టె దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఉంది. వాల్వులు నాలుగూ పేపరు మీద ఉన్నాయి. మాస్టారు బ్యాటరీల డబ్బా తగిలించాడు. రెండు మీటర్లూ తేనె రంగులో వెలిగాయి. రెండు ముళ్లూ సున్నా మీద ఉన్నాయి. "ఈ దీపాలు బ్యాటరీవి, పెట్టెవి కావు. ప్లగ్గు తీసినా వెలుగుతూనే ఉంటాయి. నువ్వు చూడాల్సింది ఈ కుడివైపు ముల్లు. ఇక వెళ్లి ప్లగ్గు పెట్టు."

"నేనా? వద్దు మాస్టారూ."

"నువ్వే పెట్టాలి."

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. ప్లగ్గు రంధ్రాలకు అందక ఒకసారి జారింది. రెండోసారి దూరింది. తుమ్మెద రొద మొదలైంది. మాస్టారు ఈసారి వెనక్కి జరగలేదు. కుడి ముల్లు లేచి, రెండువందలు దాటి, మూడువందలు దాటి, నాలుగువందల దగ్గర ఆగింది.

"తియ్యమ్మా."

ఆమె తీసింది. "తీశాను" అనలేదు. ఆ మాట అనడం ఆమె మానేసి మూడు నెలలయింది.

"ఏం తీశావో పైకెత్తి బాబుకు చూపించు."

ఆమె ప్లగ్గు పైకెత్తింది. ఓనరు ప్లగ్గును చూశాడు, మీటరును చూశాడు, మళ్లీ ప్లగ్గును చూశాడు. రొద ఆగిపోయింది. ముల్లు మూడువందల ఎనభై మీద ఉంది.

"ఇరుక్కుందేమో," అన్నాడు ఓనరు, ఆశగా.

"తట్టి చూడు."

ఓనరు గోటితో అద్దం మీద తట్టాడు. ముల్లు ఒణికి, మళ్లీ తన చోటుకు వచ్చింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆ రోజూ వాల్వులు ఊడదీసే ఉన్నాయి," అన్నాడు మాస్టారు, టంకాలమ్మతో. "నువ్వు ప్లగ్గు తీశావు. పుల్లే నేను తియ్యలేదు, మేకు మీంచి. కిందపడ్డప్పుడు చూశాను, అక్కడే ఉంది. చూసి కూడా తలూపాను."

ఆమె గోడ మీది పుల్లను చూసింది. పేపరు మీది వాల్వుల్ని చూసింది. తర్వాత తన చేతిలోని ప్లగ్గును, రెండో చెయ్యి కూడా ఆసరా పెట్టి, పసిదాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది. ఏడుస్తుందేమోనని ఓనరు స్టూలు జరిపాడు. ఆమె ఏడవలేదు, కూర్చోలేదు.

"మూడు నెలలు," అంది.

"రేపట్నుంచి నీ స్టూలు నీదేనమ్మా," అన్నాడు ఓనరు గబగబా. "జరిగిందేదో జరిగింది."

"ముల్లు సున్నాకు రానివ్వండి," అంది టంకాలమ్మ. "తర్వాత మాట్లాడదాం."

ప్లగ్గు కింద పెట్టకుండా బల్ల దగ్గరికి నడిచి వచ్చి, మీటరు ముందు నిలబడింది. తేనె వెలుగు ఆమె గడ్డం మీద పడుతోంది. మూడువందలు. రెండువందల ఎనభై. ముగ్గురూ ఒక పక్కన చేరి, ఆ ముల్లు దిగడం చూస్తున్నారు. మాస్టారికి భయం పోలేదు, కొంచెం తేలికైంది, అంతే. ఆ తేలికలో ఎడమచెయ్యి ఎప్పుడు జేబులోంచి బయటికి వచ్చిందో, ఎప్పుడు పెట్టె అంచు మీద ఆనుకుందో ఆయన గమనించుకోలేదు.

"రెండువందల మీద ఉంది ఇంకా," అంది టంకాలమ్మ, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "చెయ్యి తియ్యండి మాస్టారూ."

"తీశాను," అన్నాడు మాస్టారు.

ఆమె వెనక్కి తిరిగి, నిజంగా తీశాడో లేదో చూసి, మళ్లీ ముల్లు వైపు తిరిగింది.